దిగిపోవడమూ సేవే

దెయ్యం కథల్లో దెయ్యం చచ్చినా ఇల్లు వదలదు. సంఘాల్లో పదవులు పట్టుకున్నవాళ్లూ చాలాసార్లు అంతే. అందుకే అమెరికన్ రచయిత్రి లీసా మోర్టన్ 2019లో హారర్ రైటర్స్ అసోసియేషన్ అధ్యక్ష పదవి నుంచి తప్పుకోవడం గుర్తుపెట్టుకోదగ్గ విషయం. 2014 చివర్లో అధ్యక్షుడు రాకీ వుడ్ కన్నుమూస్తే, ఉపాధ్యక్షురాలిగా ఉన్న ఆమె ఆ బరువు భుజానికెత్తుకున్నారు. కొన్నేళ్లు మోసి జాన్ పాలిసానోకి అప్పగించారు. సంఘం ఏమీ ఆగిపోలేదు, అది రచయితలకిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డులు ఏటా ఇస్తూనే ఉన్నారు.

అనుభవం ఉన్నవాళ్లు దిగిపోతే సంఘానికి నష్టం కాదా అంటారు. అనుభవం ఉండేది మనిషిలో, కుర్చీలో కాదు. అడిగితే సలహా ఎప్పుడైనా దొరుకుతుంది. సరైన వారసులు లేరనేది ఇంకో మాట. ఇన్నేళ్లలో ఒక్కరినీ తయారుచేయలేకపోతే ఆ లోపం నాయకత్వానిదే. పైగా రచయితకి అసలు పని రాయడం. 2020లో మోర్టన్ ఆత్మలతో మాట్లాడే సభల చరిత్ర మీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు.

స్టోకర్ అవార్డు బొమ్మ ఒక చిన్న దెయ్యాలకొంప. దాని బుల్లి తలుపు తీస్తే లోపల గెలిచిన రచన పేరు, రచయిత పేరు ఉంటాయి. ఆ ఏడాది అధ్యక్షులెవరో అక్కడ రాయరు.