బండి మీద పేరు

మా హాస్టల్లో ఎవరినీ సొంత పేరుతో పిలిచే ఆచారం లేదు. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే పేరు. కాబట్టి ఆ ఆదివారం పొద్దున అయిదున్నరకి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదుటి సందులో, చాయ్ బండి పట్టా కింద వానకి ముడుచుకుని నిలబడ్డవాళ్లు సూర్యాపేట, ఖమ్మం, పాలమూరు, నేను. నన్ను దేవరకొండ అంటారు.

2019 ఆగస్టు 4. బోనాలు ముగిసిన మరుసటి ఆదివారం. స్నేహితుల దినోత్సవం కూడానట. ఖమ్మం ఫోన్‌కి ఎవరో గులాబీ బొమ్మ పంపితే తెలిసింది. ఎవరు పంపారో చెప్పమంటే చెప్పలేదు. 2016 నవంబర్‌లో గ్రూప్-2 రాసి, ఫలితాల కోసం అప్పటికీ ఎదురుచూస్తున్నవాళ్లం మేము. ఎదురుచూడటమే మా ఉద్యోగం, దానికి ఆదివారం సెలవు.

రాచకొండ మాకు రెండు రకాలుగా తెలుసు. ఒకటి, అక్కడి రాజుల మీద పరీక్షలో వచ్చే బిట్టుగా. ‘రసార్ణవ సుధాకరం’ కర్త ఎవరని నిద్రలో లేపి అడిగినా ఖమ్మం "సర్వజ్ఞ సింగభూపాలుడు" అని, అటు తిరిగి పడుకుంటాడు. ‘చమత్కార చంద్రిక’ అంటే విశ్వేశ్వరుడు. రేచర్ల అనపోతనాయకుడు భీమవరం దగ్గర ముసునూరి కాపయనాయకుణ్ణి గెలిచింది, మా నోట్సు ప్రకారం, 1368లో. ఆ భీమవరం ఓరుగల్లు దగ్గరిది, గోదావరి వైపుది కాదు. అక్కడే సగంమందికి మార్కు పోతుంది.

రెండోది పోలీసు బండి. 2016లో సైబరాబాద్ కమిషనరేట్‌ని రెండుగా చేసి, తూర్పు భాగానికి రాచకొండ అని పేరు పెట్టారు. అప్పటినుంచి చైతన్యపురి సందుల్లో, ఎల్.బి.నగర్ చౌరస్తాలో, ఎటు చూసినా బండి తలుపుల మీద, బారికేడ్ల మీద ఆ పేరే ఉండేది. రాత్రి పన్నెండుకి రీడింగ్ రూమ్ నుంచి వస్తుంటే మా మొహాన పడే లైటు కూడా రాచకొండదే. మూడేళ్లు ఆ పేరు కింద తిరిగి, ఒకరోజు సూర్యాపేట అడిగాడు: "అరే, అది ఊరా, గుట్టా?" నలుగురం నోట్సులు రాసినవాళ్లమే. ఒక్కడూ చూసిన పాపాన పోలేదు.

అందుకే ఆ ఆదివారం రెండు మోటారు సైకిళ్ల మీద రాచకొండకి బయల్దేరాం. కొత్తపేటలో పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీలు దిగుతున్నాయి. తడిసిన గడ్డి వాసన, పండ్ల వాసన కలిసి ముక్కుకి తగిలింది. ఎల్.బి.నగర్‌లో ఆంధ్రా బస్సుల నుంచి సంచులతో దిగిన జనం ఆటోలతో బేరాలాడుతున్నారు. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు. హయత్‌నగర్ దాటి చౌటుప్పల్ దాకా చెప్పుకోదగింది ఏమీ లేదు, లారీ చక్రాలు మా మీద చల్లిన నీళ్లు తప్ప. చౌటుప్పల్లో ఇడ్లీ తిని కుడికి, సంస్థాన్ నారాయణపురం వైపు మళ్లాం. ఆ మలుపు తిరగగానే రోడ్డు ఇరుకైంది, నేల ఎర్రబారింది, వాన శబ్దం మారింది. డాంబరు మీద పడే వాన, పత్తి చేను మీద పడే వాన ఒక్కటి కావు.

గుట్టల కింద గొంగడి కొప్పెర వేసుకున్న ఓ మేకల కాపరి మమ్మల్ని ఆపాడు.

"భూములు కొననీకొచ్చిండ్రా, సిన్మా తియ్యనీకొచ్చిండ్రా?"

అడగడంలో తప్పు లేదు. 2014 డిసెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హెలికాప్టర్‌లో ఈ గుట్టల మీద తిరిగి, ఇక్కడ ఫిల్మ్ సిటీ పెట్టొచ్చని చెప్పి వెళ్లారు. కోట చూడ్డానికి వచ్చామంటే ఆ పెద్దమనిషికి నమ్మకం కుదిరినట్టు లేదు. "ఏమున్నది బిడ్డా, రాళ్లే గదా" అని, మళ్లీ తనే చేతికర్ర చాపి దారి చూపించాడు. పాలమూరు కాళ్లకేసి చూసి, "ఆ చెప్పులతోని ఎక్కుతవా?" అన్నాడు.

పాలమూరు వేసుకొచ్చింది హవాయి చెప్పులు. మొదటి దర్వాజా రాకముందే ఒకటి తెగింది. పిన్నీసు పెడితే పది అడుగులు నడిచింది. ఇక విసుగొచ్చి రెండోదీ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత మా అందరికంటే ముందు పోయింది వాడే. పాకుడు పట్టిన బండ మీద మా బూట్లు జారుతుంటే వాడి వట్టి కాళ్లు బల్లిలా అతుక్కున్నాయి. కింద పడ్డది నేను. దెబ్బ తగిలింది మోచేతికి. ముగ్గురూ నవ్వారు, తర్వాత లేపారు.

రాచకొండ గోడల్లో అన్నిటికంటే ముందు కంటపడేది రాళ్ల పరిమాణం. మనిషెత్తు రాళ్లని చెక్కి, సున్నం లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. బరువే వాటికి కట్టుబాటు. నోట్సులో ఇదంతా ఒకే వాక్యం. సూర్యాపేటకి నమ్మకం కుదరక జేబులోంచి మెట్రో కార్డు తీసి, రెండు రాళ్ల మధ్య దూర్చబోయాడు. దూరలేదు. నాలుగడుగులు జరిగి ఇంకోచోట పెట్టాడు. అక్కడ కార్డేమిటి, చెయ్యే పట్టింది. లోపల చిన్న చిన్న రాళ్లు దోపి సందు పూడ్చారు. అందులోంచి ఒక మండ్రగబ్బ తీరిగ్గా బయటికొచ్చి, ఎవరో పిలిస్తే వచ్చినట్టు చూసి, వెనక్కి పోయింది. సూర్యాపేట ఆ తర్వాత ఏ గోడనీ పరీక్షించలేదు.

నాకు ఆ రెండో చోటే నచ్చింది. సందు లేకుండా పేర్చిన రాయి దగ్గర మేస్త్రీ కనబడడు. చిన్న రాయి ఏరుకొచ్చి, తిప్పి తిప్పి చూసి, సుత్తితో దిగ్గొట్టిన చోట వాడి చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టుంటుంది. సాయంత్రం కావస్తోంది, పైన ఎవడో అరుస్తున్నాడు, "కానియ్, కానియ్" అంటూ. ఇదంతా నా ఊహే. కానీ ఇళ్ల పనుల దగ్గర మా నాయిన అలాగే ముక్కరాళ్లు దోపేవాడు.

దర్వాజా లోపలికి వెళ్లగానే వాన ఆగింది. అంటే, తలమీద రాయి వచ్చింది. గడప పైన అడ్డంగా వేసిన ఆ ఒక్క బండ కింద నలుగురం పట్టాం. బయట సీతాఫలం పొదలు తడుస్తున్నాయి, కాయలింకా ఉసిరికాయలంత. అక్కడే మూటలు విప్పాం. కర్రీ పాయింట్ ఆలుగడ్డ వేపుడు, రూములో కలిపిన పులిహోర. దిల్‌సుఖ్‌నగర్‌లో బతికే బ్రహ్మచారికి అన్నం ఒక్కటే సొంతం, కూర ఎప్పుడూ కవర్లోంచే.

అన్నం దగ్గర వంశాల తగాదా మొదలైంది. రాచకొండ, దేవరకొండ ఒకే రేచర్ల ఇంటి రెండు వాటాలు. అన్న అనపోతనాయకుడిది ఇది, తమ్ముడు మాదానాయకుడిది మాది. "అయితే ఇవ్వాళ నువ్వు పెద్దనాన్న ఇంటికొచ్చినవ్ రా" అని పాలమూరు నా వాటా వేపుడులో సగం తీసుకున్నాడు. ఖమ్మం మాత్రం పోతన దగ్గర ఆగాడు. భాగవతం అంకితమివ్వలేదని సింగభూపాలుడు దాన్ని భూమిలో పాతిపెట్టించాడనీ, చెదలు తిన్న భాగాల్ని తర్వాత గంగన, సింగన, నారయ పూరించారనీ జనశ్రుతి. ఆ సింగభూపాలుడూ ఈ సర్వజ్ఞుడూ ఒకరేనా అన్నది పండితుల తగాదా.

"రసాల మీద పుస్తకం రాసినోడు ఇంకొకడి పుస్తకం పాతిపెడ్తడా?" అన్నాడు ఖమ్మం. వాడు ప్రశ్నని నాలుగు ఆప్షన్లు లేకుండా అడగడం నేను వినడం అదే మొదలు.

"రాసినోడే పాతిపెడ్తడు" అన్నాడు సూర్యాపేట.

వాన తెరిపిచ్చాక పైకెక్కాం. గుట్ట వెనక గుట్ట, మధ్యలో మబ్బు ముక్కలు, కింద తండా ఇళ్ల మీంచి పొగ. హైదరాబాద్ ఎటు ఉందో కూడా తెలియలేదు. ఎవరమూ ఫోన్ తీయలేదు. ఘనత మాది కాదు, అవి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి సంచి అడుగున పెట్టాం.

తిరుగు దారి ఆరుట్ల, మంచాల, ఇబ్రహీంపట్నం మీదుగా. ఎల్.బి.నగర్ చేరేసరికి దీపాలు పెట్టే వేళ. చౌరస్తాకి ముందు బండ్లు ఆపి కాగితాలు చూస్తున్నారు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, ఒకడికి చెప్పుల్లేవు. కానిస్టేబుల్ మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏడికెళ్లి వస్తున్నరు?"

"రాచకొండ నుంచి సార్."

ఆయన వెనకే బండి, దాని తలుపు మీద అవే అక్షరాలు. ఆయన ఒకసారి దానికేసి, ఒకసారి మాకేసి చూశాడు. "పరాచికాలా?" అన్నాడు. లైసెన్సుకంటే ముందు నేను మోచెయ్యి చూపించాను. ఖమ్మం కవరు విప్పి ఫోన్ బయటికి తీసి, అందులో ఒక్క ఫోటో కూడా లేదని అప్పుడు గ్రహించి, మళ్లీ లోపల పెట్టాడు.

కాగితాలు తిరిగిచ్చి, ఆయన గొంతు తగ్గించాడు. "బండి పైదాకా పోతదా? మా పిల్లలు ఎటన్న తీస్కపొమ్మని పానం తింటున్నరు."

"కింద తండా దాకా పోతది సార్" అన్నాడు పాలమూరు, వట్టి కాలితో బండి స్టార్ట్ చేస్తూ. "హవాయి చెప్పులు మాత్రం ఏస్కపోవద్దు."