కారు ఇంజనుకు స్నానము

పొగచూరిన వంటయింటి గోడను కడుగు విధము మనకు తల్లులు నేర్పిరి. కారు బానెట్టు నెత్తి, లోపలి ఇంజను గదిని కడుగు విధమును మాత్రము మన కెవరును నేర్పలేదు. అది మగవారి పని యనియో, మెకానిక్కు పని యనియో ఊరకుంటిమి. మాకు ఆ విద్య అక్కఱకు వచ్చినది.

మేము హైదరాబాదు పాతబస్తీలో గౌలిపురా వైపున ఒక ఇఱుకు గల్లీలో కాపురమున్నాము. మా వారు బడిపంతులు. మా యింటనున్న పెట్రోలు కారు పండ్రెండేండ్ల నాటిది; ఒకరు వాడి అమ్మగా కొన్నది. మా అత్తగారికి వారమునకు మూడుమారులు డయాలిసిస్ జరుగవలెను. ఆటో కుదుపు ఆమెకు పడదు. కనుక ఆ కారు మాకు విలాసవస్తువు కాదు. గడచిన వేసవిలో దానిని ఒక సర్వీసింగు దుకాణమున కడుగ నిచ్చితిమి. అచ్చటి పనివాడు మహావేగము గల నీటిధారను తిన్నగా ఇంజనుమీదనే పట్టి, పిమ్మట మెఱపు కొఱకు డీజిలు చిమ్మెను. మఱునాడు ఆసుపత్రినుండి వచ్చుచుండగా శాలిబండ రోడ్డుమీద కారు వణకి వణకి ఆగిపోయెను. నీరసించియున్న ముసలామెను మండుటెండలో కూర్చుండబెట్టుకొని మే మనుభవించిన బాధ చెప్పనలవి గాదు. స్పార్కుప్లగ్గుల గుంటలలో నీరు నిలిచినదట. నాటినుండి ఆ పని ఇంటనే చేసికొనుచున్నాము.

తిక్కన సోమయాజి ద్రోణపర్వము చదివినవారికి సైంధవవధనాటి ముచ్చట జ్ఞాపకముండును. రణమధ్యమున అర్జునుడు బాణముతో కొలను కల్పింపగా శ్రీకృష్ణుడు గుఱ్ఱములకు సేద తీర్చెను. నీటికి దింపుటకు ముందు ఆయన చేసిన పని రథమునుండి వానిని విప్పుట. కారు విషయమునను అదియే క్రమము. ముందుగా ఇంజను చల్లాఱవలెను; చేయి యుంచిన వెచ్చదనము తెలియకుండవలెను. కాగిన లోహముపై చన్నీరు పడిన బీట వాఱవచ్చును. పిమ్మట బ్యాటరీ తీగలలో ఋణధ్రువపు తీగను, అనగా మైనసు గుర్తు గల దానిని, ముందుగా విప్పవలెను. కారు ఇనుపశరీర మంతయు ఆ తీగతోనే కలిసియుండును గనుక, ముందుగా ప్లసు తీగ జోలికి పోయి పానా ఎచ్చటనైన ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. మరల బిగించునపుడు ప్లసు ముందు, మైనసు కడపట.

ఇచ్చట ఆడువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది యొకటి కలదు. బంగారు గాజులు, ఉంగరములు తీసి లోపల పెట్టి రండు. బ్యాటరీ రెండు కొనలకు గాజు అడ్డుపడెనా, క్షణములో ఎఱ్ఱగా కాగి చేతిని కాల్చును. కొంగు బిగించి దోపుకొనుడు. ఇంజను ఆగియున్నను, వేడి తగ్గకున్న ఫ్యాను తనంతట తాను తిరుగవచ్చును.

ఆల్టర్నేటరు, ఫ్యూజుపెట్టె, గాలి పీల్చుకొను గొట్టపు నోరు, ప్లగ్గుల మీది కాయిళ్లు, వీనికి పాలిథీను సంచులు తొడిగి కట్టవలెను. చౌమహల్లా ప్యాలెసులో చూపుచున్న 1912 నాటి రోల్సురాయిసు వంటి బండ్లలో కంప్యూటరు లేదు; నేటి చిన్నకారులో సైతము ఉన్నది. దానికి నీరు శత్రువు. విద్యుత్తు కార్లలోను, హైబ్రిడ్డులలోను నారింజరంగు తీగలు కానవచ్చిన చేయి పెట్టనే వలదు.

ఎండుటాకులను, దుమ్మును పొడిగా నున్నపుడే కుంచెతో దులుపవలెను. జిడ్డున్న చోట మాత్రమే డీగ్రీసరు చల్లి, అది ఆఱిపోకముందే బ్రష్షుతో రుద్దవలెను. కిరసనాయిలు, పెట్రోలు వాడరాదు. అవి అంటుకొనును, రబ్బరును చెఱచును. కడుగుటకు నీటిధార ఏల? పూలమొక్కకు పోయునంత నెమ్మదిగా చెంబుతో పోసినను చాలును. మా నల్లా దినము విడిచి దినము వచ్చును గనుక ఒక్క బకెట్టుతోనే సరిపెట్టుదుము. బోరునీ రైనచో వెంటనే తుడువవలెను, లేకున్న తెల్లని మచ్చలు మిగులును. బ్యాటరీ కొనలపై పేరుకొన్న తెల్లపొడికి వంటసోడా కలిపిన గోరువెచ్చని నీరు మంచిది. ఆ ఆమ్లమును విఱుచును. చేతికి తొడుగుండవలెను, బ్యాటరీ లోపలికి చుక్క పోరాదు.

వఱద మునిగిన కారు సంగతి వేఱు. 2020 అక్టోబరులో కుండపోత వానలు కురిసినపుడు బాలాపూరు గుఱ్ఱముచెఱువు కట్ట తెగి హాఫిజ్ బాబానగరు మునిగెను. బురద నిండిన కార్లు దినములతరబడి వీథులలో నిలిచినవి. అట్టి కారును చూడగానే తాళము త్రిప్పి చూతమను ఆతురత సహజమే. కాని గాలివలె నీరు నొక్కిన నొక్కుకొనదు. సిలిండరులో నీరుండగా ముట్టించినచో పిస్టనును మోయు కడ్డీ వంగును, ఇంజను సర్వనాశనమగును. పైగా, ఇంజను రక్షణకై వేఱుగా రుసుము చెల్లింపనిచో, నీటిలోనున్న బండిని ముట్టించుటవలన కలిగిన నష్టమును బీమావారు తఱచుగా ఒప్పుకొనరు. అట్టి బండికి ఇంట స్నానము తగదు. మైనసు తీగ విప్పగల స్థితిలో నున్న విప్పి, లాగుడుబండి మీద పంపవలెను.

కడిగిన పిదప సంచులు విప్పి, పాతబట్టతో ఒత్తి, బానెట్టు తెఱచి మూడు నాలుగు గంటలు ఆఱనిత్తుము. తీగ బిగించిన వెనుక గడియారము తిరిగి సరిచేసికొనవలసి వచ్చును. కొన్ని రేడియోలు రహస్యసంఖ్య నడుగును, అది ముందే వ్రాసియుంచుకొనుడు. ఇంజను ముట్టించి కొంతసేపు నిలుకడగా ఆడనిచ్చి చెవి యొగ్గవలెను. తడబాటున్నను, హెచ్చరిక దీపము ఆఱకున్నను, ఆ దినము ప్రయాణము మాని మెకానిక్కును పిలువవలెను. అందుకే మేము డయాలిసిస్ లేని ఆదివారమునే ఈ పనికి ఏర్పఱచుకొన్నాము.

మొన్న ఆదివారము బ్యాటరీ వెనుక పందికొక్కు చేర్చిన గూడు దొరికినది: గుడ్డపేలికలు, కొబ్బరిపీచు, మా అత్తగారి మందుచీటీ ముక్క. ఒక తీగ పైతొడుగు సగము కొఱికియున్నది. ఆమె ఆ చీటీ చూచి, నెలనుండి వెదకుచుంటినే యని నవ్వినది. తీగ మాత్రము సోమవారము ప్రొద్దుననే మార్పించితిమి. మంగళవారము ఆసుపత్రి వంతు.