బేబీ బర్బన్, కొత్త కుండ వాసన

హడ్సన్ బేబీ బర్బన్ అని దాని పేరు. పేరుకు తగినట్టే 375 మి.లీ. పొట్టి సీసా. బావ న్యూజెర్సీ నుంచి ఎప్పుడో తెచ్చి బీరువాలో పెట్టినాడు. ఈసారి ఉగాది మరునాడు, వర్షతొడకు సంగటి, మటన్ సారు అయినాక, కోలారు ఇంటి మిద్దె మీద పెద్దవాళ్లం నలుగురం మూత తీసినాము.

న్యూయార్క్ రాష్ట్రంలో గార్డినర్ అనే ఊరి సరుకు ఇది. 2003లో ఇద్దరు కలిసి పెట్టిన టథిల్‌టౌన్ అనే చిన్న డిస్టిలరీలో పుట్టింది. తరువాత విలియం గ్రాంట్ కంపెనీవాళ్లు 2010లో బ్రాండును, 2017లో డిస్టిలరీని కొనుక్కున్నారు.

బర్బన్ అనాలంటే సగానికి పైన, అంటే 51 శాతమైనా, మొక్కజొన్న ఉండాలి. దాన్నే మా ఇంట్లో ముసుకుజొన్న అంటాము. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాయిలోనే పెట్టాలి. ఎన్నాళ్లు అనే లెక్క లేదు. ‘స్ట్రెయిట్’ అని రాయాలంటే మాత్రం కనీసం రెండేళ్లు. మామూలు పీపాయి 53 గాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. టథిల్‌టౌన్‌వాళ్లు అచ్చంగా జొన్నతో చేసి, చిన్న పీపాయిల్లో పెట్టినారు. పీపాయి చిన్నదైతే చెక్క ఎక్కువ తగులుతుంది; రంగు, తీపి తొందరగా దిగుతాయి.

అందుకే చూసేదానికి ముదురు తేనె రంగు. బావ వెనిల్లా, కారమెల్, ట్యానిన్ అని చెప్తా ఉన్నాడు. మేము చదివింది కన్నడ మీడియం, పెరిగింది ఇంటి తెలుగులో. ఆ పేర్లు మా నాలుకకు అందలేదు. మాకు తగిలింది నిప్పుల మీద కాల్చిన జొన్నకంకి, బెల్లం పాకం, చివర్లో వగరు. బడిలో దాన్నే ‘ఒగరు’ అన్నాము.

మామ ఒక గుక్క వేసి, “బాగుండాది గానీ ఇంకా పచ్చిగానే ఉండాదప్పా. కొత్త కుండలో నీళ్లు మాదిరి, కుండ వాసనే ముందు వస్తాది,” అన్నాడు.

నిజమే. చెక్క నుంచి రావాల్సింది వచ్చేసింది. సారాయి ఘాటు మెత్తబడేదానికి మాత్రం గాలి, ఎండ, చలి, ఏళ్లు కావాలి. మా టెస్టింగ్ పనిలోనూ అంతే. ఎన్ని మెషిన్లు పెట్టినా, వారం ఆగకుండా నడిస్తేనే బయటపడే తప్పు ఒక్క పూటలో బయటపడదు. అయినా ఆ పచ్చిదనంలోనే జొన్న రుచి బాగా తెలిసింది. ముదిరిన విస్కీల్లో మాకు అది అంతగా దొరకలేదు.

ఇంకొక సంగతి. మూత వేసిన సీసాలో విస్కీకి వయసు పెరగదు, పీపాయిలోనే పెరుగుతుంది. ఆఫీసులో కొందరు మా మాట విని “ఇది తెలుగేనా?” అని నవ్వుతారు. మా పెద్దలు తెలుగును సీసాలో దాచి తేలేదు. కన్నడ పీపాయిలో పోసి, రోజూ వాడి మా దాకా తెచ్చినారు. చెక్క వాసన అంటకుండా ఎట్లుంటాది? వగరు అన్నా ఒగరు అన్నా, ఆ రుచికి మా ఇంట్లో ఒక మాట ఉంది. మా పిల్లలకు దాన్ని అందిస్తే చాలు.