సెలవులివ్వగానే... నార్వే వద్దు!

పిల్లలకు ఏప్రిల్ నెలాఖర్లో సెలవులిస్తారు. సరే కదాని అప్పుడే నార్వే విమానమెక్కారో... కొండదారులు చాలావరకు మూసే ఉంటాయి! పదకొండు హెయిర్‌పిన్ మలుపుల ట్రోల్‌స్టీగెన్ రోడ్డు మీద మంచు తీసి వాహనాలను వదిలేసరికి మామూలుగా మే సగం దాటుతుంది. రాళ్లు పడుతున్నాయని 2024లోనైతే నడివేసవిలోనే మూసేశారు. కాబట్టి బయల్దేరేముందు వాకబు చేసుకోవాల్సిందే.

మనవాళ్లకు అనువైనది జూన్ మొదటివారం. హిమానీనదాలు తొలిచిన లోయల్లోకి సముద్రం చొరబడితే ఏర్పడ్డవే ఫ్యోర్డ్‌లు. గైరాంగర్ ఫ్యోర్డ్‌ను 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పడవలో వెళ్తుంటే 'ఏడుగురు అక్కచెల్లెళ్లు' అనే జలపాతం కనిపిస్తుంది. కొండల మీది మంచు కరిగే ఆ రోజుల్లో ఏడు పాయలూ హోరున దూకుతాయి. వేసవి ముదిరాక వెళ్తే... ఒకరిద్దరు అక్కలు అలిగి వెళ్లిపోయి ఉండొచ్చు!

జులైలో ఎండ బాగుంటుంది, గదుల అద్దే భయపెడుతుంది. సెప్టెంబరులో రద్దీ తగ్గి ఆకులు రంగులు మారతాయి. చలికాలంలోనూ ఫ్లోమ్ రైలు నడుస్తుంది. 20 కిలోమీటర్లలోనే 860 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కేస్తుందది. బెర్గెన్‌లో మాత్రం ఏ నెలలో దిగినా రెయిన్‌కోటు చేతిలో ఉండాలి. ఏడాదికి 200 రోజులకు పైనే వాన.

షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. జూన్ ప్రయాణమైతే సంక్రాంతి అరిసెలు అయిపోయేలోపు కాగితాలు సిద్ధం చేసుకోండి.