నూనె గొట్టం, శిరస్త్రాణం

మా ఊరు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలోని కొత్తపల్లె. నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో ఒక వేకువన మా చిన్నాయన మోటారు సైకిలుకు ఎనుము అడ్డు వచ్చింది. ఆయన తల రోడ్డుకు తగిలింది. హెల్మెట్ ఉన్నందున పుర్రె చిట్లలేదు. కాని మూడు రోజుల పాటు నా పేరు ఆయనకు జ్ఞాపకం రాలేదు. తల ఆగిపోయినా లోపలి మెదడు వెంటనే ఆగదనీ, ఆ కుదుపే ఆయనను దెబ్బతీసిందనీ కర్నూలులో వైద్యుడు వివరించాడు.

ఆ వారమే మెకానిక్ బండి ముందు భాగం విప్పగా నల్లబడిన నూనె కారింది. గతుకుల కుదుపును మింగేది ఆ నూనేనట. చక్రానికి రెండు నూనె గొట్టాలు, తలకు అంగుళం మందం థర్మోకోలు! ఈ పక్షపాతం నాకు మింగుడు పడలేదు.

ప్రకృతి మాత్రం ఈ పక్షపాతం చూపలేదు. దాదాపు 1400 గ్రాముల మెదడును మస్తిష్క మేరు ద్రవంలో తేల్చి, దాని భారాన్ని 50 గ్రాములంతగా చేసింది. అయితే గట్టి దెబ్బకు ఆ ఏర్పాటు చాలదు.

ఇంజనీరింగులో చేరాక, పశువులకు సూది వేసే పెద్ద సిరంజిని తీసుకొని ప్రయోగం మొదలుపెట్టాను. నీళ్ళు నింపి మూతి మూసి నొక్కితే అది రాయివలె నిలిచింది. మూతి తెరిచి మెల్లగా నొక్కితే సులువుగా దిగింది. అరచేతితో చరిస్తే ఎదురు తిరిగింది. దెబ్బను మింగేది ద్రవం కాదు, ద్రవం దూరిపోయే రంధ్రమని అప్పుడు బోధపడింది. వేగం రెట్టింపైతే రంధ్రం వద్ద నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. థర్మోకోలుకు ఈ వివేకం లేదు. చిన్న దెబ్బకు అది నలగదు. పెద్ద దెబ్బకు నలిగితే తిరిగి లేవదు.

ఒకటిన్నర మీటరు ఎత్తు నుండి పడిన తల 3 మిల్లీమీటర్లలో ఆగితే, దాని ఋణ త్వరణం గురుత్వ త్వరణానికి సగటున 500 రెట్లుంటుంది. 3 సెంటీమీటర్లలో ఆగితే 50 రెట్లే. కనుక ఉన్న కాస్త దూరాన్నీ పూర్తిగా వాడుకోవాలి. తల నెమ్మదించే కొద్దీ ద్రవం పట్టు సడలిపోతుంది. అందుకని దిగే కొద్దీ రంధ్రం ఇరుకయ్యేట్లు మలచాలి. మా సీమ ఎండకు నూనె పలుచబడుతుందన్న భయం కూడా ఉండేది. కాని పదునైన అంచుగల రంధ్రంలో వేగంగా సాగే ప్రవాహం ద్రవం చిక్కదనం కంటే దాని సాంద్రత మీదనే ఎక్కువగా ఆధారపడుతుందని మా అధ్యాపకుడు చెప్పగా ఊరట కలిగింది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కామరిల్లో బృందం అమెరికన్ ఫుట్‌బాల్ శిరస్త్రాణంలో 21 ద్రవ శోషకాలను అమర్చినట్లు భావించి, కంప్యూటరుపై పరీక్షించింది. తలకు తగిలే దెబ్బ గణనీయంగా తగ్గుతుందని తేలింది. అది కంప్యూటరు తెరమీది విజయమే అయినా, చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా నమూనా కథ వేరు. రబ్బరు బుడ్డీలు మొదటి దెబ్బకు బాగా పనిచేసేవి. బయటికి పోయిన ద్రవం తిరిగి రాక, రెండవ దెబ్బకు ఉత్త తిత్తులుగా మిగిలేవి. పక్కనే సాగే సంచి ఒకటి కట్టి ద్రవాన్ని వెనక్కు రప్పించాను. దానితో బరువు అరకిలో పెరిగింది. తలపై బరువు పెరిగితే మెడకు ముప్పు. ఆ చిక్కుముడి నేటికీ పూర్తిగా విడలేదు.

నమూనాను ఇంటికి తెచ్చిన రోజున చిన్నాయన దాన్ని చేత తూచి, "ఇంత బరువు నెత్తిన పెట్టుకొని ఎవరు తిరుగుతారు నాయనా!" అని, కొయ్యకు తగిలించిన తన హెల్మెట్ అందుకొన్నాడు. చూస్తే అది నాటి హెల్మెటే!

"గీతలే గదా, బాగానే ఉంది" అన్నాడు.

లోపలి గుడ్డ ఊడదీసి, ఆయన వేలిని థర్మోకోలు మీద ఉంచాను. ఒకచోట అది అట్టముక్కవలె అణగిపోయి ఉంది. చిన్నాయన ఆ గుంటను చాలాసేపు తడుముతూ ఉండిపోయాడు. తరువాత బండి తాళాలు నా చేతికిచ్చి, ఆ రోజుకు బస్సులో బయలుదేరాడు.