ఏడుపాయల బాట

పాపన్నపేట నుంచి ఏడుపాయలకు ఇప్పుడు కారులో పోతే, ఎత్తుకున్న ముచ్చట తెగకముందే దిగాల్సి వస్తుంది. మా చిన్నప్పుడు ఎడ్లబండికి అదే బాట ఒక పూట పట్టేది. అక్కడి అమ్మవారి గుడిలో శివరాత్రి జాతరకు ఇంటిల్లిపాదికీ ఒకటే బండి. కింద వరిగడ్డి, దాని మీద జంపఖానా, మూలన సద్దిమూట, ఎడ్ల మెడలకు గజ్జెలు.

మా బాపు ఇంట్లో మాట తక్కువ మనిషి. బండి తోలేటప్పుడు మాత్రం నోరు ఆగేది కాదు. ఎందుకో పెద్దయ్యాక తట్టింది. బండి మీద ఎవరూ ఎవరి ముఖం చూడరు, అందరి చూపూ బాట మీదే. ఎదురుగా నిలబడి అడగలేని మాటలు బాపు వీపు వెనక కూర్చుని అడిగేదాన్ని.

"బాపూ, నదులన్నీ తూర్పుకే పోతయని సారు చెప్పిండు. మరి మంజీర గట్ల మళ్లిందేంది?"

మహారాష్ట్రలో బాలాఘాట్ గుట్టల్లో పుట్టిన నది మన దిక్కుకు వచ్చాక ఉత్తరానికి తిరిగి, నిజాంసాగర్ నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుందని ముల్లుగర్రతో గాలిలో గీత గీసి చూపాడు. చిన్నమ్మది వేరే మాట. "అమ్మోరి చుట్టు తిరుగనీకి మళ్లింది" అంది. అవ్వ ఇంకో అడుగు ముందుకేసి జనమేజయుడి సర్పయాగం ఎత్తుకుంది. నది ఏడు పాయలైంది అందుకేనట. ఎవరి మాటా ఎవరూ కొట్టెయ్యలేదు. మూడూ నా దగ్గరే ఉన్నాయి.

పాపన్నపేట సంస్థానం కథ కూడా అవ్వదే. రాణి శంకరమ్మ, ఆమెకు దక్కిన 'రాయ్ బాగన్' బిరుదు, ఆమె కొడుకు పేరు మీదే సంగారెడ్డి వెలిసిందన్న మాట. పుస్తకంలో చదివినదానికంటే ఆ ఊరి మట్టి చక్రాలకు అంటుతుండగా విన్నదే నాకు గట్టిగా నాటుకుంది.

గుడికంటే ముందు బండి ఆగేది ఘనపురం ఆనకట్ట దగ్గర. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1905లో కట్టింది. మహబూబ్ నహర్ మెదక్ దిక్కు, ఫతే నహర్ మా దిక్కు. రైతుల నోట అవి ఎం.ఎన్., ఎఫ్.ఎన్. కెనాళ్లు. బాపు మత్తడి వైపు చూసి "యాసంగి గట్టెక్కుతది" అనో, ఏమీ అనకుండానో బండెక్కేవాడు. ఏమీ అనకపోతే ఆ ఏడు జాతరలో మాకు గాజులుండవు. పైన సింగూరు డ్యాం కట్టాక తగువు మొదలైంది. అక్కడ తూములు తెరిస్తేనే ఇక్కడ నీళ్లు. పట్నానికి తాగనీకి ఇవ్వాల్సిందేనని బాపు, ముందు మన మళ్లు తడవాలని పెద్దనాయిన. జాతర రెండో రోజు బండ్లు తిరుగుతుంటే, బాపు భుజం మీద కూర్చున్న నాకు డప్పుల మధ్య కూడా ఆ తగువే వినబడేది.

అదే బండిలో మెదక్ చర్చికీ పోయేవాళ్లం. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పోస్నెట్ దొర మొదలుపెట్టిన కట్టడం. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రార్థనకు తెరిచారు. గోపురం 175 అడుగులు. "పొద్దు గూకకముందే చేరాలె" అని అవ్వ తొందరపెట్టేది. బయట వెలుతురు ఉంటేనే ఆ రంగు అద్దాల బొమ్మలు కనబడతాయి. వెలుగు ఎటునుంచి వస్తుందో బడిలో చెప్పకముందే ఆ కిటికీల కింద తెలిసింది.

ఇప్పుడు తమ్ముడి కారులో పిల్లలు ఫోన్లు చూస్తారని నాకేం ఫిర్యాదు లేదు. మేమూ సగం బాట నిద్రపోయినవాళ్లమే. నా పట్టు ఒక్కటే, ఆనకట్ట దగ్గర కారు ఆపాలి. మొన్న శివరాత్రికి మేనకోడలు మత్తడి చూసి, "అత్తా, హైదరాబాద్‌ల మా నల్లాకు వచ్చేటియి గివేనా?" అంది. ఇవి కావు, దీనికి పైన సింగూరులో ఆగినవి అని నేను చెప్పేలోపే ముందు సీట్లో పెద్దనాయిన వెనక్కి తిరిగాడు. దర్శనం లైనులో మా వంతు వచ్చేదాకా ఆ పిల్లకు లెక్క చెబుతూనే ఉన్నాడు.