కంపెనీలో చేరమంటారా సార్?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ పక్కన ప్రాక్టీసు పెట్టినవాడికి పేషెంట్ల రద్దీ షిఫ్టుల్ని బట్టి ఉంటుంది. 'ఏ' షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కొందరు, 'సీ' షిఫ్టుకు ఎక్కేముందు వచ్చేవాళ్లు కొందరు. ఇన్నేళ్లుగా వాళ్లను చూస్తుంటే ఒకటి అర్థమైంది. ఒకే షెడ్డులో, ఒకే మిషను మీద పనిచేసే ఇద్దరివి నిజానికి రెండు వేరే ఉద్యోగాలు.

పవర్ ప్రెస్ కింద వేళ్లు నలిగినవాళ్లు ఇద్దరు నాకు బాగా గుర్తు. మొదటివాడు పర్మినెంటు. చూపుడువేలు రెండు కణుపులు పోయాయి. సనత్‌నగర్ ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఆస్పత్రిలో పైసా ఖర్చు లేకుండా వైద్యం జరిగింది. పనిలోకి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం వచ్చింది. ఆ దెబ్బకు చట్టం కట్టే లెక్క 11 శాతం వైకల్యం, దాని కింద నెలనెలా డబ్బు అందుతోంది. రెండోవాడు కాంట్రాక్టు మీద ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు. మేస్త్రీ ఆటోలో తెచ్చి, కుట్లకు డబ్బు కట్టి, "ఊరికి పోయి తగ్గినంక రా" అన్నాడు. ఈఎస్ఐ కార్డు లేదు. కాంట్రాక్టు కార్మికుడి ఈఎస్ఐకి కూడా అసలు యజమానే జవాబుదారీ. ఆ మాట నేను చెబితే కుర్రాడు మేస్త్రీ మొహం వైపు చూశాడు.

నెలకు 16,000 జీతం ఉంటే ఈఎస్ఐకి కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 120 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 520 రూపాయలు. ఆ ఇద్దరి మధ్య తేడా అంతే.

కంపెనీ పని మేలు చేసిన ఇళ్లూ చూశాను. మొదటి కాన్పుకు నెలలు నిండేదాకా పత్తి ఏరిన ఒకామె రెండో కాన్పు నాటికి ప్యాకింగ్ సెక్షనులో ఉంది. 26 వారాలు జీతంతో సెలవు దొరికింది. ఆమె తల్లి బీపీ మాత్రలూ అదే కార్డు మీద వచ్చేవి.

కార్డు అన్నిటినీ కాయదు. ప్రెస్ షాపులో పాతికేళ్లు చేసినాయన్ని భార్య వెంటబెట్టుకొచ్చింది. "టీవీ సౌండు గల్లీ మొత్తం ఇనవడ్తది సార్, నా మాట మాత్రం ఇనవడదంట." ఆడియోగ్రాము తీస్తే 4000 హెర్ట్‌జ్ దగ్గర గీత లోయలో పడినట్టు దిగింది. రొద వల్ల వచ్చే చెవుడు అక్కడే మొదలవుతుంది. స, ష, త లాంటి అక్షరాలు ముందు జారిపోతాయి. ఎదుటివాళ్లు ఏదో అంటున్నట్టు తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. పోయిన వినికిడి మందులతో తిరిగి రాదు. ఇయర్ ప్లగ్గులు ఇవ్వలేదా అని అడిగాను. "ఇచ్చిన్రు సార్. పెట్టుకుంటే డై అరిగిన సప్పుడు తెల్వదు" అన్నాడు. పనిమీద శ్రద్ధే చెవులు తీసింది. మనిషి ఒక్కడిని జాగ్రత్తపడమంటే చాలదు, రొద మిషను దగ్గరే తగ్గాలి.

ఐటీఐ ముగించిన కుర్రాళ్లు కంపెనీలో చేరమంటారా అని అడుగుతుంటారు. చేరమనే అంటాను, నెలనెలా ఠంచనుగా వచ్చే జీతం చిన్న విషయం కాదు. కానీ ఓటీ ఎంతిస్తారని అడిగేముందు ఈఎస్ఐ నంబరు ఎప్పుడిస్తారో, ప్రెస్‌కు వేళ్లు పడకుండా ఆపే గార్డు ఉందో లేదో, ఏటా చెవి పరీక్ష చేయిస్తారో లేదో అడగమంటాను. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పని చోట రెండు వేలు ఎక్కువిస్తామన్నా వద్దంటాను.